ఒక కొటేషన్ మార్కు, ఒక నిలువు గీత: ఇమేజ్‌మ్యాజిక్‌లోకి దూరిన కమాండ్

2016 మే 3న బయటపడ్డ ఒక లోపానికి ఇమేజ్‌ట్రాజిక్ అని పేరు పెట్టారు. లోపం ఉన్న ప్యాకేజీ పేరు ఇమేజ్‌మ్యాజిక్. బొమ్మ సైజు తగ్గించడం, ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చడం, అంచులు కత్తిరించడం లాంటి పనులన్నీ చేసే సాఫ్ట్‌వేర్ అది. మనం ఏదైనా సైట్లో ప్రొఫైల్ ఫోటో పెట్టగానే దాన్ని చిన్న బొమ్మగా మార్చే పని తెర వెనుక చాలాచోట్ల దీనిదే. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీలో కూడా చిన్న బొమ్మల తయారీకి దీన్ని వాడుకునే వీలుంది. ఆ మే నెలలో తెలిసిన సంగతి ఏమిటంటే, ఫోటో పేరు చెప్పి ఒక రకం ఫైలు అప్‌లోడ్ చేస్తే చాలు, ఆ సైటు సర్వర్ మీద తమకు కావలసిన కమాండ్ నడిపించుకోవచ్చు. సర్వర్ పాస్‌వర్డ్‌తో పనే లేదు.

ఈ మాట వినగానే పిక్సెళ్ల మధ్య దాచిన వైరస్ లాంటిదేదో మనసులో మెదులుతుంది. అలాంటిదేమీ లేదు. దాడికి వాడిన ఫైలు నాలుగైదు లైన్ల మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో టైపు చేసుకోవచ్చు. అందులో అసలు పని చేసేవి రెండు గుర్తులు: ఒక డబుల్ కొటేషన్ మార్కు, దాని పక్కనే ఒక నిలువు గీత. వాటికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు షెల్ సంగతి చూడాలి.

షెల్‌కి ఎవరి మాటైనా ఒకటే

లినక్స్ లాంటి సిస్టమ్‌లో మనం టైపు చేసిన కమాండ్‌ని చదివి నడిపించే ప్రోగ్రామే షెల్. దానికి సొంత భాష ఉంది. ఖాళీ వస్తే ఒక పదం ముగిసినట్టు. సెమికోలన్ (;) వస్తే ఈ కమాండ్ అయిపోయింది, తర్వాతది నడపమని. నిలువు గీత, అంటే పైప్ (|) వస్తే, ఎడమ పక్క కమాండ్ ఇచ్చిన ఫలితాన్ని కుడి పక్క కమాండ్‌కి అందించమని. డాలర్ గుర్తుకు, యాంపర్‌శాండ్‌కు (&), కొత్త లైనుకు కూడా ప్రత్యేక అర్థాలున్నాయి. డబుల్ కొటేషన్ల మధ్య పెడితే వీటిలో కొన్ని తమ శక్తి కోల్పోతాయి, కొన్ని కోల్పోవు. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి ఇవన్నీ వరాలే. చిక్కు ఎక్కడంటే, ప్రోగ్రాములు కూడా వేరే ప్రోగ్రాముల్ని ఇదే దారిలో పిలుస్తాయి.

సీ భాషలో సిస్టమ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి ఒక స్ట్రింగ్ ఇస్తే తీసుకెళ్లి షెల్ చేతిలో పెడుతుంది. పీహెచ్‌పీలో ఎగ్జెక్, నోడ్‌లో ఎగ్జెక్, పైథాన్ సబ్‌ప్రాసెస్‌లో షెల్ ఆప్షన్‌ని ట్రూ చేసి రాసే పద్ధతి, అన్నీ ఆ దారిలో నడిచేవే. డెవలపర్ కమాండ్‌లో సగం తను రాసి, మిగతా సగంలో యూజర్ ఇచ్చిన ఫైలు పేరో, వెబ్ చిరునామానో అతికించి ఒకే స్ట్రింగ్ చేస్తారు. ఏది తన మాటో, ఏది యూజర్ మాటో డెవలపర్‌కి స్పష్టంగా తెలుసు. షెల్‌కి తెలియదు. దానికి కనిపించేది ఒకే వరుస అక్షరాలు. వాటిలో ఏది ఎవరు రాశారన్న సమాచారం అతికించిన క్షణంలోనే పోయింది.

ఖాళీలు వదిలి సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు లాంటిది ఇది. సంతకం మనది, అంకె వేసేది అవతలివాళ్లు. వసూలుకు వచ్చినప్పుడు నోటు మొత్తం మనం రాసిచ్చినట్టే లెక్క. ఇలా బయటివాళ్ల మాట కమాండ్‌లోకి దూరడాన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు. అందులోనూ ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన మాట సర్వర్ అధికారాలతో అమలవుతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును ఆ సర్వర్ ప్రోగ్రాము చదవగలిగితే, ఇంజెక్ట్ అయిన కమాండూ చదవగలదు.

ఇమేజ్‌మ్యాజిక్‌కి షెల్‌తో పనేమిటి?

బొమ్మల సాఫ్ట్‌వేర్ షెల్ దాకా ఎందుకు వెళ్లింది అన్నది న్యాయమైన ప్రశ్న. ఇమేజ్‌మ్యాజిక్ రెండు వందలకు పైగా ఫార్మాట్లను చదవగలదని చెప్పుకుంటుంది. అన్నీ తనే చదవదు. కొన్నిటికి బయటి ప్రోగ్రాముల సాయం తీసుకుంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీడీఎఫ్ వస్తే ఘోస్ట్‌స్క్రిప్ట్‌ని పిలుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ చిరునామా వస్తే, ఆ బొమ్మను దించమని వీగెట్‌కో కర్ల్‌కో చెబుతుంది. ఇలా పని అప్పగించే ఏర్పాటుకు డెలిగేట్ అని పేరు. ఏ పనికి ఏ కమాండో ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో నమూనాలుగా రాసి ఉంటుంది. చదవడానికి వీలుగా ఆప్షన్లు తీసేసి చెబితే, ఆ నమూనా ఆకారం ఇది:

కర్ల్ "హెచ్‌టీటీపీఎస్:[చిరునామా]"

బ్రాకెట్లలో ఉన్నచోట యూజర్ ఫైలు నుంచి వచ్చిన చిరునామాను అతికించి, మొత్తాన్ని షెల్‌కి అందిస్తారు. రెండు వైపులా కొటేషన్లు ఉన్నాయి చూశారా? రాసినవాళ్లు ప్రమాదం ఊహించనివాళ్లేమీ కాదు. చిరునామాలో ఖాళీలూ గీతలూ ఉంటే షెల్ వాటిని కమాండ్‌గా తీసుకోకూడదనే కొటేషన్లు పెట్టారు. కానీ చిరునామాలోనే ఒక కొటేషన్ మార్కు ఉంటే ఏమవుతుందన్న ప్రశ్నకు అక్కడ జవాబు లేదు.

ఇప్పుడు దాడి ఫైలు. ఇమేజ్‌మ్యాజిక్‌కి ఎంవీజీ అనే సొంత చిత్రలేఖన భాష ఒకటుంది. గీత గియ్యి, పెట్టె గియ్యి, ఫలానా రంగు నింపు అని టెక్స్ట్‌లోనే చెప్పవచ్చు. రంగుకు బదులు ఫలానా చిరునామాలో ఉన్న బొమ్మతో నింపు అని కూడా చెప్పవచ్చు. దాడి చేసేవాళ్లు ఆ చిరునామా స్థానంలో రాసేది ఇలాంటిది:

//ఏదోసైటు/బొమ్మ"|ఎల్ఎస్ "-ఎల్ఏ

దీన్ని నమూనాలో అతికిస్తే తయారయ్యే కమాండ్:

కర్ల్ "హెచ్‌టీటీపీఎస్://ఏదోసైటు/బొమ్మ"|ఎల్ఎస్ "-ఎల్ఏ"

నెమ్మదిగా చదవండి. చిరునామాలో దాచిన మొదటి కొటేషన్ మార్కు, నమూనా తెరిచిన కొటేషన్‌ని మూసేసింది. దాంతో షెల్ దృష్టిలో చిరునామా అక్కడితో అయిపోయింది. వెంటనే పైప్ వచ్చింది కాబట్టి ఇక మొదలయ్యేది ఇంకో కమాండ్. ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ అలా రంగంలోకి దిగింది. ఇక నమూనా చివర్లో ఒక కొటేషన్ మార్కు జోడీ లేకుండా మిగిలిపోతుంది, అలా మిగిలితే షెల్ తప్పు చూపిస్తుంది. అందుకే ఎల్ఎస్ ఆప్షన్ ముందు ఇంకో కొటేషన్ తెరిచి, దాన్ని మూసే పని నమూనాకే వదిలేశారు. లెక్క సరిపోయింది, షెల్‌కి ఏ అనుమానమూ రాలేదు. దుర్మార్గమే, కానీ పనితనం మెచ్చుకోకుండా ఉండలేం. ఎల్ఎస్ అమాయకమైన ఉదాహరణ. ఆ స్థానంలో వేరే సర్వర్ నుంచి ప్రోగ్రామ్ దించి నడిపే కమాండ్ కూడా పెట్టవచ్చు.

"మా సైట్లో జేపీజీ, పీఎన్‌జీ తప్ప వేరేవి తీసుకోం కదా" అన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాలేదు. ఫైలు పేరు చివర జేపీజీ అని ఉన్నా ఇమేజ్‌మ్యాజిక్ దాన్ని నమ్మదు. లోపలి మొదటి బైట్లు చూసి అసలు ఫార్మాట్ ఏదో తనే తేల్చుకుంటుంది. మామూలుగా అది మంచి గుణమే. ఈ కేసులో మాత్రం, ఎంవీజీ ఫైలుకు జేపీజీ అని పేరు పెట్టి పంపితే సైటు పేరు చూసి లోపలికి వదిలింది, ఇమేజ్‌మ్యాజిక్ బైట్లు చూసి ఎంవీజీగా నడిపింది. ఒకే ఫైలు గురించి ఇద్దరు కాపలాదారులు రెండు రకాలుగా అనుకున్నారు.

ఒక్క రోజు నిలవని ప్యాచ్

ఈ లోపం బయటపడిన క్రమం ప్యాచ్‌ల గురించి, అంటే లోపాన్ని సరిచేసే సవరణల గురించి చాలా చెబుతుంది. 2016 ఏప్రిల్ 21న మెయిల్.రూ సంస్థ భద్రతా బృందానికి, తమ సర్వీసుల్లో ఒకదానిలో ఫైళ్లు చదవగలిగే లోపం ఉందని రిపోర్టు వచ్చింది. దాన్ని తవ్వుతూ ఆ బృందంలోని నికొలాయ్ ఎర్మిష్కిన్ 28న ఈ పెద్ద లోపాన్ని కనుక్కున్నారు. 30న ఇమేజ్‌మ్యాజిక్ బృందానికి చెప్పారు. వాళ్లు అదే రోజు 6.9.3-9 వెర్షన్ విడుదల చేశారు. మర్నాడు మే 1న, ఆ ప్యాచ్‌ని దాటిపోవచ్చని మళ్లీ వాళ్లకు కబురందింది. మే 3న సంగతి అందరికీ చెప్పారు. మెరుగైన సవరణ 6.9.3-10, 7.0.1-1 వెర్షన్లలో వచ్చింది. బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబరును సీవీఈ అంటారు. అసలు లోపానికి సీవీఈ-2016-3714 అని నంబరు ఇచ్చారు. దాని పక్కనే 3715 నుంచి 3718 దాకా మరో నాలుగు నంబర్లున్నాయి: సర్వర్లోని ఫైళ్లను తొలగించడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం, చదవడం, సర్వర్ చేత వేరే చిరునామాలకు రిక్వెస్టులు పంపించడం. అవన్నీ ఇమేజ్‌మ్యాజిక్ కావాలని ఇచ్చిన సౌకర్యాలను తిప్పి వాడినవే.

మొదటి ప్యాచ్ ఎందుకు నిలవలేదు? ప్రోగ్రామర్లు తొందరపడ్డారని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం ఆ పద్ధతిలోనే చిక్కు కనిపిస్తుంది. స్ట్రింగ్ అతికించి షెల్‌కి ఇచ్చే ఏర్పాటు అలాగే ఉంచి, లోపలికి వచ్చే అక్షరాలను శుభ్రం చేయాలనుకుంటే, షెల్‌కి అర్థమయ్యే ప్రతి గుర్తూ, ప్రతి మెలికా మనకు ముందే తెలిసి ఉండాలి. దాడి చేసేవాళ్లకు మనం మరిచిపోయిన ఒక్కటి దొరికితే చాలు. సెమికోలన్ తీసేస్తే పైప్ ఉంది, పైప్ తీసేస్తే డాలర్ బ్రాకెట్ ఉంది, అదీ తీసేస్తే కొత్త లైను ఉంది.

చెడ్డ అక్షరాల జాబితా వద్దు, మంచి అక్షరాల జాబితా పెట్టి మిగతావన్నీ తోసేద్దాం అనేది దీనికి సాధారణంగా వినిపించే జవాబు. నిజంగానే అది మెరుగు. అయితే మంచి అక్షరాలంటే ఇంగ్లిష్ ఏ నుంచి జెడ్ దాకా, అంకెలు, చుక్క, గీత అని రాసేస్తుంటారు. "పెళ్లి ఫోటో" అని తెలుగులో పేరున్న ఫైలు అప్‌లోడ్ చేసి చూడండి, అలాంటి సైట్లలో పేరు మొత్తం ఎగిరిపోయి అండర్‌స్కోర్ల వరుస మిగులుతుంది, లేదా ఎర్రర్ వస్తుంది. డిసౌజా లాంటి పేరును ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మధ్యలో వచ్చే అపాస్ట్రఫీ కూడా షెల్‌కి ప్రత్యేక గుర్తే. భద్రత పేరుతో మనుషుల పేర్లను, భాషలను కత్తిరించాల్సి వస్తోందంటే కాపలా పెట్టిన చోటే తప్పు. యూజర్ ఇచ్చిన పేరును డేటాబేస్‌లో ఉన్నదున్నట్టు దాచుకుని, డిస్కు మీద ఫైలుకు సర్వరే తయారుచేసిన ఒక నంబరు పేరు పెడితే ఈ గొడవే ఉండదు. ఆ పేరు కమాండ్ దాకా చేరనే చేరదు.

షెల్‌ని తప్పించడం

ఆపరేటింగ్ సిస్టమ్‌కి అసలు షెల్ అవసరం లేదు. లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే సిస్టమ్ కాల్ ఆర్గ్యుమెంట్లను ఒకే స్ట్రింగ్‌గా కాకుండా జాబితాగా తీసుకుంటుంది: మొదటిది ఇది, రెండోది ఇది, మూడోది ఇది అని. అలా పంపితే చిరునామాలో కొటేషన్లున్నా, పైపులున్నా అవి అక్షరాలే. వాటికి అర్థం చెప్పే షెల్ మధ్యలో ఉండదు. పైథాన్ సబ్‌ప్రాసెస్‌కి జాబితా ఇచ్చి షెల్ ఆప్షన్ జోలికి పోకపోవడం, నోడ్‌లో ఎగ్జెక్ బదులు ఎగ్జెక్‌ఫైల్ వాడటం ఇందుకే. ఒక లైను మార్పు. అక్షరాల వడపోత రాయడం కన్నా తేలిక కూడా.

అంతటితో నిశ్చింత అనుకునేవాళ్ల కోసం అదే సంవత్సరం డిసెంబరు చివర్లో ఇంకో కేసు వచ్చింది. పీహెచ్‌పీలో ఈమెయిల్ పంపడానికి విపరీతంగా వాడే పీహెచ్‌పీమెయిలర్ లైబ్రరీలో డేవిడ్ గొలున్‌స్కీ కనుక్కున్న లోపం అది, సీవీఈ-2016-10033. పంపినవాళ్ల ఈమెయిల్ చిరునామా చివరికి సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రామ్‌కి ఆర్గ్యుమెంట్‌గా చేరుతుంది. ఇక్కడ షెల్ గుర్తులకు ఎస్కేప్ ఉంది, అంటే వాటి ప్రత్యేక అర్థం పోయి మామూలు అక్షరాలుగా మిగిలేలా చేసే ఏర్పాటు. పైప్ పెడితే పనిచేయదు. అయితే ఈమెయిల్ ప్రమాణాల ప్రకారం @ గుర్తుకు ముందు భాగాన్ని కొటేషన్లలో పెడితే అందులో ఖాళీలు కూడా ఉండవచ్చు. ఆ వెసులుబాటుతో చిరునామా మధ్యలోంచి సెండ్‌మెయిల్‌కి కొత్త ఆప్షన్లు దూర్చారు. వాటిలో ఒక ఆప్షన్ మెయిల్ లావాదేవీని మొత్తం ఒక ఫైల్లో రాయమంటుంది. ఆ ఫైలు పేరు చివర పీహెచ్‌పీ అని, ఫైలు చోటు వెబ్‌సైటు ఫోల్డర్ అని పెట్టి, మెయిల్లోనే పీహెచ్‌పీ కోడ్ రాస్తే? బ్రౌజర్లో ఆ ఫైలు తెరవగానే కోడ్ నడుస్తుంది. రెండో కమాండ్ అవసరమే రాలేదు. ఉన్న కమాండ్ చేతే కావలసిన పని చేయించుకున్నారు. దీన్ని ఆర్గ్యుమెంట్ ఇంజెక్షన్ అంటారు.

దీని ప్యాచ్‌కీ అదే గతి పట్టింది. 5.2.18లో వేసిన ఎస్కేప్‌కి, పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ లోపల అప్పటికే ఉన్న ఇంకో రకం ఎస్కేప్‌కి పొసగలేదు. విడివిడిగా సరైనవే, ఒకదాని మీద ఒకటి పడితే మళ్లీ సందు తెరుచుకుంది. కొత్త సీవీఈ నంబరు, రోజుల తేడాలో 5.2.20 వెర్షన్. ఎస్కేప్ ఎంత ఎక్కువైతే అంత భద్రం అనుకునే వాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలు.

విండోస్‌లో కథ ఇంకా వంకర. అక్కడ కొత్త ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేటప్పుడు ఆర్గ్యుమెంట్లన్నీ ఒకే స్ట్రింగ్‌గానే వెళ్తాయి. వాటిని విడదీసుకునే బాధ్యత ఎదుటి ప్రోగ్రామ్‌ది. మామూలు ప్రోగ్రాములు ఒక పద్ధతిలో విడదీస్తాయి, బ్యాచ్ ఫైళ్లను (వరుసగా నడపాల్సిన కమాండ్లు రాసి ఉన్న ఫైళ్లను) నడిపే కమాండ్ ప్రాంప్ట్ ఇంకో పద్ధతిలో. కాబట్టి డెవలపర్ బుద్ధిగా జాబితా ఇచ్చినా, నడపాల్సింది బ్యాచ్ ఫైలైతే మళ్లీ ఇంజెక్షన్‌కి దారి ఉండేది. 2024 ఏప్రిల్లో ఇది చాలా భాషల్లో ఒకేసారి బయటపడింది. భద్రతకు పెట్టింది పేరైన రస్ట్ భాషలోనే దీని తీవ్రతకు పదికి పది పడ్డాయి. 1.77.2 వెర్షన్‌లో రస్ట్ బృందం చేసిన పరిష్కారం నాకు నచ్చింది: ఎస్కేప్‌ని కట్టుదిట్టం చేసి, అప్పటికీ భద్రంగా పంపలేని ఆర్గ్యుమెంట్ వస్తే నడపకుండా ఎర్రర్ ఇచ్చేశారు. అన్నిటినీ ఎలాగోలా నడిపించాలన్న ఆరాటం మానుకున్నారు.

తప్పు ఎవరిది?

మళ్లీ ఇమేజ్‌మ్యాజిక్ దగ్గరికి వద్దాం. దాన్ని రాసినవాళ్లను తిట్టడం తేలిక, కానీ పూర్తి న్యాయం కాదు. జాన్ క్రిస్టీ 1987లో డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ దీన్ని మొదలుపెట్టారు. 1990లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అప్పుడు బొమ్మ ఫైలు తెచ్చేదీ, ప్రోగ్రామ్ నడిపేదీ, కంప్యూటర్ వాడేదీ ఒకే మనిషి. తన మీద తానే ఇంజెక్షన్ చేసుకునేవాళ్లు ఉండరు కదా. ఆ కాలపు లెక్కలో, చిరునామా ఇస్తే బొమ్మను దించుకొచ్చే సౌకర్యం మంచి ఆలోచనే. తర్వాత ఆ ప్రోగ్రామ్‌ని తీసుకెళ్లి, ఎవరైనా ఏదైనా పంపగలిగే అప్‌లోడ్ బటన్ వెనుక కూర్చోబెట్టింది వెబ్ డెవలపర్లు. పీహెచ్‌పీ, రూబీ, నోడ్ లైబ్రరీల అడుగున అది ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. జేపీజీని చిన్నది చేయడానికి రెండు వందల ఫార్మాట్ల యంత్రాన్ని, అదీ అన్ని తలుపులూ తీసి పెట్టడం నా దృష్టిలో అసలు తప్పులో సగం.

లోపం బయటికి వచ్చిన రోజుల్లోనే నిజమైన దాడులు కనిపించాయని క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉదాహరణలతో సహా చెప్పింది. కొన్ని కేవలం తలుపు తీసి ఉందా అని తట్టి చూసేవి, కొన్ని ఏకంగా సర్వర్‌ని తమ చేతిలోకి తెచ్చుకునేవి. ఇంత గోల జరిగాక పెద్ద కంపెనీలన్నీ సర్దుకుని ఉంటాయని అనుకుంటాం. ఆ ఏడాది అక్టోబరులో ఆండ్రే లియోనోవ్ అనే పరిశోధకుడు ఇదే లోపం ఫేస్‌బుక్‌లో పనిచేస్తోందని చూపించాడు. ఆ సర్వర్ నుంచి బయటికి నేరుగా కనెక్షన్లు వెళ్లకుండా కట్టడి ఉండటంతో, డీఎన్‌ఎస్ (సైటు పేరును నెట్‌వర్క్ చిరునామాగా మార్చే వ్యవస్థ) ప్రశ్నల రూపంలో ఫలితం బయటికి రప్పించి నిరూపించాడు. ఫేస్‌బుక్ అతనికి 40,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఇప్పుడు ఎవరైనా తమ ప్రాజెక్టు సరిచూసుకోవాలంటే మొదట వెతకాల్సింది షెల్‌కి స్ట్రింగ్ ఇచ్చే ఫంక్షన్ల పేర్లు. దొరికిన ప్రతిచోటా ఆ స్ట్రింగ్‌లో బయటి నుంచి వచ్చే ముక్క ఏదైనా ఉందా అని చూడాలి. ఫారంలో టైపు చేసిందే బయటిది కాదు. ఫైలు పేరు, ఫైలు లోపలి మాటలు, హెచ్‌టీటీపీ హెడర్లు, గిట్ బ్రాంచ్ పేర్లు, వేరే సర్వీసు పంపిన జవాబు, అన్నీ బయటివే. ఉంటే జాబితా పద్ధతికి మార్చాలి. యూజర్ ఇచ్చిన విలువ గీతతో మొదలై ఆప్షన్‌గా మారకుండా, ఆ ప్రోగ్రామ్ ఒప్పుకుంటే, దాని ముందు రెండు గీతలు (--) పెట్టాలి. ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయని దానికి అర్థం. బొమ్మల పనికి ఇమేజ్‌మ్యాజిక్కే వాడుతుంటే, ఏవి అనుమతించాలో చెప్పే దాని పాలసీ ఫైల్లో ఎంవీజీ, ఎంఎస్ఎల్ (దాని స్క్రిప్టు భాష), యూఆర్ఎల్, హెచ్‌టీటీపీఎస్ లాంటి, మనకు అక్కర్లేని వాటిని ఆపేయాలి. ఇమేజ్‌ట్రాజిక్ ప్రకటనలోనే ఈ సలహా ఉంది. అప్‌లోడ్ అయిన ఫైలు మొదటి బైట్లు మనం అనుకున్న ఫార్మాట్‌వేనా అని ముందే చూడమని కూడా అందులో చెప్పారు.

వెర్షన్ నంబరు చూసి తీర్పు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు పాత వెర్షన్ నంబరునే ఉంచి, భద్రతా సవరణ ఒక్కటే వెనక్కి తెచ్చి అందులో కలుపుతాయి. కాబట్టి 6.9.3-10 కన్నా చిన్న నంబరు కనబడగానే కంగారు పడక్కర్లేదు. ఆ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ మార్పుల చిట్టాలో సీవీఈ నంబరు ఉందో లేదో చూడాలి. ఎవరో ఎప్పుడో సోర్స్ కోడ్ దించుకుని సొంతంగా బిల్డ్ చేసి పెట్టిన ఇమేజ్‌మ్యాజిక్‌కి మాత్రం ఈ అప్‌డేట్లేవీ వాటంతట అవి రావు. పాత సర్వర్లలో ముందుగా ఆరా తీయాల్సింది దాని గురించే.